కుదించి నింపిన పొడి

పొడి తూకం సరిపోయినప్పుడే ఓబులేసుకు అనుమానం బలపడింది. తగ్గి ఉంటే ఎవడో గుప్పెడు జేబులో వేసుకున్నాడని తేల్చేయవచ్చు. గ్రాము తేడా లేకుండా సరిపోయిందంటే దొంగ మామూలు దొంగ కాడు. తీసినంత బరువుకు ఇంకేదో కలిపి పెట్టాడన్నమాట. పదిమందీ హమ్మయ్య అని ఊపిరి పీల్చుకునే చోట ఊపిరి బిగబట్టడం ఓబులేసు తీరు. ఆ తీరుతోనే యాభై ఏళ్ళు నెట్టుకొచ్చాడు.

అనంతపురం నుంచి తాడిపత్రి పోయే రోడ్డు పక్కన, ఎర్రనేలలో ఒంటరిగా నిలబడ్డ రేకుల షెడ్డు అది. యజమాని మల్లికార్జున ఓబులేసుకు సొంత అక్క కొడుకు, సరుకు లెక్కలు చూసే పని ఓబులేసుది. బోరు బండ్లవాళ్ళు అరిగిపోయిన బిట్లను తెచ్చి ఇక్కడ ఇస్తారు. బిట్టు అంటే బోరు గొట్టానికి చివర ఉండే ఇనుప తలకాయ. భూమిలో రాతిని కొట్టి పిండి చేసేది అదే. అరిగిన చోట లేజర్ మిషన్ పొర మీద పొర కొత్త లోహం పోసి దానికి మళ్ళీ ముఖం కడుతుంది. ఈ జిల్లాలో నీళ్ళకు కరువు గాని బోర్లకు కరువెప్పుడూ లేదు కాబట్టి షెడ్డుకు పని బాగానే ఉంది.

కొత్త లోహం పొడిగా వస్తుంది. నికెల్ పొడి ఒక డ్రమ్ము, టంగ్‌స్టన్ పొడి ఒక డ్రమ్ము. యాడికి అనే ఊరి నుంచి వచ్చిన మహేశ్వరి అనే ఇంజినీరు ఆ రెంటినీ పాళ్ళ ప్రకారం తూచి, తిరుగుడు పీపాలో వేసి బాగా కలుపుతుంది. కలిపిన పొడి తాళం వేసిన గదిలోకి పోతుంది. అక్కడ దాన్ని డబ్బాల్లో నింపుతారు. డబ్బాను మిషన్‌కు బిగిస్తే, అడుగున ఉన్న సన్న గొట్టం నుంచి పొడి ధారగా వెళ్ళి లేజర్ వెలుగులో పడుతుంది. వెలుగు తగిలిన చోట ఆవగింజంత మడుగు కడుతుంది. నికెల్ వెంటనే నీళ్ళయిపోతుంది. టంగ్‌స్టన్ మొండి ఘటం, దానంతట అది ఒక పట్టాన కరగదు. కరిగిన నికెల్ చుట్టూ సుడి తిరుగుతుంటే కొంచెం కొంచెంగా అందులో కలిసిపోతుంది. రెప్ప వేసేలోగా మడుగు గడ్డకడుతుంది. ఆలోగా కలిసిందే కలిసినట్టు. పాళ్ళు కుదిరితే గట్టి మిశ్రమ లోహం, కుదరకపోతే ఉండలు కట్టిన సంగటి.

ఇదంతా మహేశ్వరి ఒకసారి నల్లద్దంలోంచి చూపించి వివరించింది. ఓబులేసు తల ఊపాడు గాని మనసంతా డ్రమ్ముల మీదే ఉంది. టంగ్‌స్టన్ ఖరీదైనదని, సన్నగా ఉంటుందని, పిడికెడు తీసినా బరువని ఆయనకు తెలుసు. పొడుల గది తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇంజినీరు అయితే మాత్రం ఏమి, చదువుకున్న దొంగ ఉండడా అని మహేశ్వరిని కూడా ఆ గదిలోకి రానివ్వలేదు.

ఈ గుణం ఆయనకు ఊరికే రాలేదు. తండ్రి నాగప్పకు కంబదూరులో వేరుశనగకాయల అంగడి ఉండేది. కాయలు కొనేటప్పుడు నాగప్ప సేరును నేలకేసి కుదించి కుదించి నింపించుకునేవాడు. విత్తనకాయలు అమ్మేటప్పుడు మాత్రం కుదించడాలు లేవు, పైగా బొటనవేలు సేరు లోపలికి పెట్టి పట్టుకునేవాడు. వేలు పట్టినంత మేర ప్రతి సేరులోనూ కాయలు అంగట్లోనే మిగిలిపోయేవి. ఆ అంగట్లో సేరు పట్టుకుని పెరిగిన ఓబులేసుకు కొలత గురించి తెలియనిది లేదు, నమ్మకం గురించి తెలిసిందీ లేదు. తాను దొంగైతే పరుల నమ్మడని సామెత. ఓబులేసు దొంగ కాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా సామెత తండ్రితో ఆగిపోకుండా కొడుకు దాకా వచ్చింది.

డబ్బాలు నింపే పని యేసన్నది. శింగనమల మనిషి, నెమ్మదస్తుడు. పనిలో చేరిన కొత్తలో ఒకనాడు ఆయన నింపిన డబ్బాలో పైన బెత్తెడు ఖాళీ కనిపించింది ఓబులేసుకు. పోసిన పొడి ఎట్ల పడితే అట్ల ఉందని యేసన్న చెప్పాడు. ఆ జవాబు ఓబులేసుకు అస్సలు నచ్చలేదు. బెత్తెడు ఖాళీ అంటే బెత్తెడు దొంగతనానికి చోటు.

"కుదించి నింపప్పా," అన్నాడు. "నేలకేసి బాగా తట్టు. మూత దాకా రావల్ల. నేను మూత తీస్తే నాకు యాడా సందు కనపడగూడదు."

యేసన్న డబ్బాను కిందికి దించి తట్టడం మొదలుపెట్టాడు. ఆనాటి నుంచి పొడుల గదిలో డబ్బాను బండకేసి టకటకా తట్టే చప్పుడు వినిపిస్తూనే ఉండేది. అది వింటూ కూర్చుంటే ఓబులేసు ప్రాణానికి చల్లగా ఉండేది.

కొన్నాళ్ళకు చెన్నప్ప అనే బోరు బండి యజమాని వచ్చి గొడవ పెట్టుకున్నాడు. బాగుచేసి ఇచ్చిన బిట్టు ముఖం రాయి తగలగానే పెచ్చులుగా ఊడిందని ఆయన ఫిర్యాదు. బండి తోలేవాడు తాగి గుద్ది ఉంటాడని ఓబులేసు ఒక్క మాటలో కొట్టిపారేసి, ఆ బిట్టును షెడ్డు వెనక పాత ఇనుము కుప్పలోకి విసిరేయించాడు. పదిరోజులు తిరగకుండా చెన్నప్ప మళ్ళీ వచ్చాడు. ఈసారి కథ వేరు. రెండో బిట్టు పెచ్చులు లేవలేదు గాని మైనంలా అరిగిపోయింది. కంబదూరు దగ్గర ఒక రైతు చేనులో సగం తవ్విన బోరు అట్లాగే ఆగిపోయింది. పొడి కల్తీదని చెన్నప్ప షెడ్డు ముందు నిలబడి అందరూ వినేలా అన్నాడు. పనులన్నీ బెంగళూరుకు మార్చుకుంటానని కూడా అన్నాడు.

మహేశ్వరి ఆ బిట్టును కోసి, అద్దంలా నునుపు చేసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. టంగ్‌స్టన్ ఉండాల్సినంత లేదు, సగం కూడా లేదు. మొదటి బిట్టు కూడా చూస్తానని అడిగింది. తాగుబోతు విరగ్గొట్టిన దాంట్లో చూసేదేముంది అని ఓబులేసు ఇవ్వలేదు. ఆయనకు కావలసింది దొరికింది. టంగ్‌స్టన్ తగ్గింది, తూకం తగ్గలేదు. అంటే లేతు మిషన్ కింద రాలే ఇనుప రజను కలిపి టంగ్‌స్టన్ ఎత్తుకుపోతున్నారు. కలిపాక పొడి మీద చెయ్యి పడేది యేసన్న ఒక్కడిదే.

అప్పటి నుంచి ఓబులేసు కళ్ళకు యేసన్న చేసే ప్రతి పనీ దొంగపనిగానే కనిపించింది. తొందరగా వస్తే ఎవరూ లేకుండా చూసుకుని వచ్చాడనుకున్నాడు. ఆలస్యంగా వస్తే సరుకు యాడనో దించి వచ్చాడనుకున్నాడు. ఇంటికి పోయేముందు చేతులు, గోళ్ళు శుభ్రంగా కడుక్కుంటే గోళ్ళలో పొడి లేకుండా చూసుకుంటున్నాడనుకున్నాడు. చివరికి ఆ మనిషి భోజనం గిన్నె బరువుగా ఉందన్న అనుమానం పట్టుకుంది. మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు పోయి, ఆ గిన్నె లాక్కుని మూత తీశాడు. సంగటి ముద్ద, ఒక మూల ఊరుబిండి పచ్చడి. ముద్దలో వేళ్ళు పెట్టి నాలుగు ముక్కలుగా విరిచి చూశాడు. సంగటిలో సంగటే ఉంది.

"దొరికిందా అన్నా?" అన్నాడు యేసన్న.

ఓబులేసు వేళ్ళు దులుపుకున్నాడు. యేసన్న మూత పెట్టి గిన్నెను సంచిలో దాచుకున్నాడు. ఆ పూట ఏమీ తినలేదు. మిగతావాళ్ళు తల వంచుకుని తిన్నారు. దొంగకు ఆకలెక్కడిదిలే అని ఓబులేసు తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. సాయంత్రం మల్లికార్జున చెవిలో విషయం వేశాడు. మేనమామ మాట తీసెయ్యలేక మల్లికార్జున యేసన్నను పిలిచి, సంగతి తేలేదాకా ఇంటి దగ్గర ఉండమన్నాడు.

"సంగతి తేలేదాకా అంటే నేను దొంగనని చెప్పినట్టే గదన్నా," అన్నాడు యేసన్న, మల్లికార్జునతో కాదు, ఓబులేసు ముఖంలోకి చూస్తూ. "పనిదేముంది, ఇంకోటి దొరుకుతాది. వచ్చే ఆదివారం మా గుడిలో కోతపండగ. జనం తెచ్చే కాయలు, జొన్నలు కొలిచేది నేను. మా నాయన కొలిచె, నేను కొలుస్తాండా. దొంగని పేరు పడినోని చేతిలో ఆ సేరు ఎట్ల ఉంటాది?"

చర్చిలో సేరు పట్టుకోవడం ఏమంత పెద్ద సంగతి అని ఓబులేసు పైకి అన్నాడు. లోపల మాత్రం అది ఎంత పెద్దదో ఆయనకు తెలుసు. కంబదూరులో ఎవరూ నాగప్ప చేతికి ఊరి సేరు ఇచ్చి ఎరుగరు.

మరునాటి నుంచి డబ్బాలు ఓబులేసే నింపాడు. తాళం తనది, చెయ్యి తనది, ఇంక ఏ దొంగ వస్తాడో చూద్దాం అని యేసన్నకంటే గట్టిగా బండకేసి తట్టి, మూత దాకా నింపాడు. బిట్లు తయారయ్యాయి. ఈసారి ఎవరి దగ్గరికీ పంపకముందే మహేశ్వరి ఆ డబ్బాతో కట్టిన చివరి బిట్టును కోసి చూసింది. టంగ్‌స్టన్ మళ్ళీ తక్కువే.

ఓబులేసు మొలతాడుకున్న తాళంచెవి తడిమి చూసుకున్నాడు. గదిలోకి ఎవరూ రాలేదు. తాళం మొలతాడు దాటి పోలేదు. అంటే దొంగతనం గదికి ముందే జరుగుతోంది. కలిపే మనిషే కాజేస్తోంది. మహేశ్వరి ముందుకు పోయి ఆ మాట దాచుకోకుండా అడిగేశాడు.

మహేశ్వరి ముఖం ఎర్రబడింది. చేతిలో ఉన్న బిట్టు ముక్కను బల్ల మీద పెట్టింది.

"సరేన్నా, నేనే దొంగ అనుకుందాం," అంది. "దొంగ తీస్తాది గదా, తెచ్చి పెట్టదు గదా. ఇదే డబ్బాతో కట్టిన మొదటి బిట్టు కూడా కోస్తా. నా పక్కనే కూర్చోని చూడు."

కోసింది. మైక్రోస్కోపులో కన్ను పెట్టమంది. చివరి బిట్టులో అక్కడొకటి ఇక్కడొకటి మచ్చ ఉంటే, మొదటి బిట్టులో నిండా రవ్వలు. కరగని టంగ్‌స్టన్ రవ్వలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కిక్కిరిసి ఉన్నాయి. వాటి పక్క నుంచి సన్నని పగుళ్ళు పాకాయి. ఉండాల్సిన దానికంటే రెట్టింపు టంగ్‌స్టన్ ఉంది, మడుగు ఆరేలోపు అంత టంగ్‌స్టన్‌ను నికెల్ కలుపుకోలేకపోయింది అని మహేశ్వరి చెప్పింది. ఈ బిట్టు రాయికి తగిలితే పెచ్చులుగా ఊడుతుందని కూడా చెప్పింది.

పెచ్చులు అన్న మాట వినగానే ఓబులేసు లేచాడు. షెడ్డు వెనక్కు పోయి, పాత ఇనుము కుప్పలో మోచేతుల దాకా తుప్పు పూసుకుని వెతికి, చెన్నప్ప మొదటి బిట్టును తెచ్చి బల్ల మీద పెట్టాడు. మహేశ్వరి దాన్నీ కోసింది. అందులోనూ అవే రవ్వలు, అవే పగుళ్ళు. తాగుబోతు పాపం ఏ పాపమూ చేయలేదు.

"కలిపిన పొడి సరిగానే కలిసింది," అంది మహేశ్వరి. "తర్వాత ఎవరో విడదీస్తాండారు. ఆ రూములో డబ్బా ఎట్ల నింపుతారో నాకు తెలీదు. నువ్వు రానియ్యవు గదా. ఈ గాజు సీసాలో అట్లే నింపన్నా, నేను చూస్తా."

ఓబులేసు సీసాలో పొడి పోశాడు. సగం దాకా వచ్చింది. బల్లకేసి తట్టాడు, మళ్ళీ పోశాడు, మళ్ళీ తట్టాడు. రోజూ ఎంతసేపు తట్టేవాడో అంతసేపూ తట్టాడు. మూత దాకా నిండింది. మహేశ్వరి సీసాను కిటికీ దగ్గర వెలుతురులో పెట్టింది. అడుగున నల్లగా ఉంది. పైకి వచ్చేకొద్దీ తెల్లబడింది. సన్నదీ బరువైనదీ అయిన టంగ్‌స్టన్ సందుల్లోంచి జారి కిందికి దిగిపోయింది, ముతక నికెల్ పైకి తేలింది. డబ్బా అడుగు నుంచే పొడి మిషన్‌లోకి పోతుంది కాబట్టి మొదటి బిట్టుకు అంతా టంగ్‌స్టనే, చివరి బిట్టుకు అంతా నికెలే. లేజర్ తన కిందికి వచ్చిన దాన్ని కరిగించి కలుపుతుంది గాని, రానిదాన్ని ఎక్కడి నుంచి తెచ్చి కలుపుతుంది?

ఓబులేసు సీసా వంక చూస్తూ ఉండిపోయాడు. ఇది ఆయనకు తెలియని విద్య కాదు. గతుకుల దారిన బండి మీద వచ్చిన బస్తాలో మన్ను అడుక్కి దిగుతుంది, మంచి కాయలు పైకి వస్తాయి, అందుకే అడుగు నుంచి తీసి చూడాలని నాగప్ప చిన్నప్పుడే నేర్పాడు. దొంగను వెతికే హడావిడిలో ఆ సంగతి ఒక్కసారైనా గుర్తుకు రాలేదు.

"కుదించమని ఎవరు చెప్పినారన్నా?" అని అడిగింది మహేశ్వరి.

యేసన్నే అట్ల నింపేవాడని నోటిదాకా వచ్చింది. పొడుల గదిలో అప్పుడు ఉన్నది తానూ యేసన్నా ఇద్దరే, ఇప్పుడు కాదనేవాడు లేడు. ఆ మాట అంటే తన పరువు దక్కుతుంది. విరిచిన సంగటి ముక్కలు, ఆ పూట తెరవకుండానే ఇంటికి పోయిన గిన్నె కళ్ళ ముందు మెదిలాయి.

"నేనే," అన్నాడు.

మల్లికార్జునకు సంగతి చెబితే ఆయన నవ్వేశాడు. ఒక ఫోను చేసి రమ్మంటే యేసన్న వస్తాడు, మిషన్‌లో ఏదో లోపమని చెన్నప్పకు చెబుదాం, మామా నువ్వు మనసులో పెట్టుకోవద్దు అన్నాడు. ఫోను మాట బాగానే ఉందనిపించింది ఓబులేసుకు. ఫోను చేసి, అవతల మోగుతుండగానే పెట్టేశాడు. దొంగ అన్న మాట పదిమందిలో అని, కాదన్న మాట చెవిలో చెబితే చెల్లదు.

ఆదివారం వేరుశనగకాయలు అరబస్తా మోటార్‌సైకిల్ వెనక కట్టుకుని శింగనమల పోయాడు. చర్చి ముందు పందిరి కింద జనం కూర్చుని ఉన్నారు. గుమ్మడికాయలు, కోళ్ళు, జొన్న మూటలు, కాయల బస్తాలు వరుసగా ఉన్నాయి. వాటి ముందు బల్ల మీద ఇత్తడి సేరు బోర్లించి ఉంది. పాస్టరుగారు ఇస్తామన్నా యేసన్న ముట్టుకోలేదట. ఆయన ముట్టుకోనిది మాకెందుకని ఇంకెవరూ తీసుకోలేదట. పొద్దెక్కినా కొలత మొదలు కాలేదు. యేసన్న వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన భార్య కదిరమ్మ ఉంది.

ఓబులేసును చూసి జనం గుసగుసలాడారు. దొంగను పట్టుకోవడానికి గుడి దాకా వచ్చినాడా అని ఎవరో అన్నది ఆయనకు వినిపించింది. బస్తా దించి, ముందుకు పోయి నిలబడ్డాడు. షెడ్డులో పొడి ఎవరూ ఎత్తుకుపోలేదని, డబ్బాలు కుదించమని తానే చెప్పాడని, కుదిస్తే కలిసిన పొడి విడిపోయి బిట్లు చెడ్డాయని, ఆ తప్పును యేసన్న మీద వేశాడని చెప్పాడు. అన్నం గిన్నెలో చెయ్యి పెట్టిన సంగతి చెప్పేటప్పుడు మాట తడబడింది. అయినా అదీ చెప్పాడు.

"యేసన్నా, ఈ కాయలు పండగకు తెచ్చినా," అన్నాడు. "వచ్చి కొలువప్పా."

యేసన్న లేచి వచ్చాడు. బోర్లించిన సేరు తీసి, పంచె అంచుతో తుడిచి, ఓబులేసు చేతికి ఇచ్చాడు.

"నీ కాయలు నువ్వే కొలువన్నా. నేను కొలిస్తే నీ కండ్లు నా చేతి మిందే ఉంటాయి."

పదిమందిలో కాదనలేక ఓబులేసు సేరు అందుకున్నాడు. బస్తాలో ముంచాడు, పైకెత్తాడు, గంపలో పోయబోయాడు. అందరి కళ్ళూ సేరు మీదే ఉన్నాయి.

"అన్నా," అంది కదిరమ్మ మెల్లగా, "బొటనేలు బయటికి తియ్."

ఓబులేసు చేతికేసి చూసుకున్నాడు. బొటనవేలు కణుపు దాకా సేరు లోపల ఉంది. పెట్టాలని పెట్టలేదు. నాగప్ప అంగట్లో అలవాటు పడ్డ చెయ్యి, దేవుడికి ఇచ్చేటప్పుడు కూడా దాని పని అది చేసుకుపోయింది. ఎవరైనా నవ్వి ఉంటే బాగుండేది. ఎవరూ నవ్వలేదు. వేలు బయటికి తీశాడు. వేలు ఉన్న చోట కాయల మధ్య గుంట పడింది.

సేరును రెండు చేతులతో యేసన్న ముందుకు చాపాడు. "నువ్వే కొలువప్పా," అన్నాడు. "నా చెయ్యి మంచిది కాదు."

యేసన్న ఒక్క క్షణం ఆగి తీసుకున్నాడు. "సోమారం వస్తా," అన్నాడు. "డబ్బాలు మాత్రం కుదించను. నా గిన్నె నా పక్కనే ఉంటాది." తరువాత బస్తా ముందు కూర్చుని, కుదించకుండా, కాయలు ఎట్ల పడితే అట్ల పడనిచ్చి, పైన గోపురం కట్టేలా నింపి కొలవడం మొదలుపెట్టాడు.

ఇంక చూడకూడదని ఓబులేసు పట్టుదలగా తల అటు తిప్పుకుని, దూరంగా చెరువు కట్ట మీద పోతున్న బస్సును చూస్తూ నిలబడ్డాడు. చెవులు మాత్రం గంపలో పడుతున్న సేర్లను ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాయి.